పిల్లల్ని మిద్దెమీదికి పంపొద్దు

ముద్దనూరు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. వాళ్ళింట్లో కొత్తగా ప్రార్థన కూటం పెట్టుకున్నారు. వచ్చేది ఐదారు కుటుంబాలు. పెద్దోళ్ళు ఎంతమందో పిల్లలూ అంతమంది. "వాక్యం చెప్పేటప్పుడు ఒకటే గోల పాపా. వీళ్ళను మిద్దెమీదికి పంపిద్దామా, పక్కింట్లో టీవీ ముందర కూర్చోబెడదామా?" అని అడిగింది. ఫోన్‌లో నేను చెప్పగలిగింది కొంతే. ఈ ప్రశ్న ఇంటి కూటం పెట్టుకున్న ప్రతిచోటా వచ్చేదే కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నా.

మాది ఎర్రగుంట్ల. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, యూనిఫాంలు కుడతాను. మా ఆయనది నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పని. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు పడసాలలో కుట్టుమిషన్ గోడకు జరిపి చాపలు, పట్ట పరుస్తాం. తొమ్మిది పది కుటుంబాలు వస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు షిఫ్టును బట్టి ఒక వారం ఉంటారు, ఒక వారం ఉండరు. పాస్టరుగారు నెలకొకసారి వస్తారు. మిగతా వారాల్లో మాలోనే ఎవరో ఒకరు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్తారు. మాకు వేరే గుడి లేదు. ఈ పడసాలే మా సంఘం.

ఇందులో పిల్లలు మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా మాతోనే ఉంటారు. ఉండాల్సిందే అని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లలు ముద్దొస్తారనో, రేపటి సంఘం వాళ్ళేననో కాదు. వాళ్ళు ఈ రోజు సంఘంలో ఉన్నారు, వాళ్ళు లేకపోతే కూటం సగమే అయినట్టు.

అపొస్తలుడైన పౌలు కొలొస్సయి అనే ఊర్లో ఉన్న సంఘానికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, చూడండి. మూడో అధ్యాయంలో భార్యలతో మాట్లాడతాడు, భర్తలతో మాట్లాడతాడు, వెంటనే "పిల్లలారా, అన్ని విషయములలో మీ తలిదండ్రుల మాట వినుడి" అంటాడు. తల్లిదండ్రులతో "మీ పిల్లలకు ఇట్లా చెప్పండి" అని కబురు పెట్టలేదు, నేరుగా పిల్లలనే పిలిచాడు. ఆ కాలంలో పత్రిక అంటే ఎవరికి వాళ్ళు చదువుకునేది కాదు. ఒకరు నిలబడి చదివితే మిగతావాళ్ళు కూర్చుని వినేవాళ్ళు. అదే పత్రిక చివర్లో నుంఫా అనే విశ్వాసి ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెప్పి, దీన్ని లవొదికయ అనే ఊర్లో కూడా చదివించమంటాడు. అంటే పౌలు మనసులో ఉన్నది మన పడసాలలాంటి గదే. ఆ గదిలో పిల్లలు కూర్చుని వింటారని ఆయనకు తెలుసు కాబట్టే వాళ్ళతో మాట్లాడినాడు. వాళ్ళందరినీ మిద్దెమీదికి పంపి ఉంటే ఆ వాక్యం ఎవరికి చదివేది?

ఆ వెంటనే తండ్రులకు ఒక మాట ఉంది: "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి." పిల్లలు పక్కన ఉండగానే తండ్రులు ఈ మాట విన్నారు. తండ్రికి కూడా ఒక హద్దు ఉందని పిల్లోడు తన చెవులతో వినడం చిన్న సంగతి కాదు. మా కూటంలో ఈ భాగం చదివిన రోజు ఒక పిల్లోడు తలెత్తి వాళ్ళ నాయన వైపు చూసినాడు. నాయన తల వంచుకోలేదు, వాణ్ణి దగ్గరకు లాక్కున్నాడు.

అపొస్తలుల కార్యాల్లో ఇంట్లో జరిగిన కూటాలు చదివితే చిన్నోళ్ళు అక్కడక్కడ కనిపిస్తారు. మార్కు అనే యోహాను తల్లి మరియ ఇంట్లో, చెరసాలలో ఉన్న పేతురు కోసం చాలామంది ప్రార్థన చేస్తున్నప్పుడు తలుపు దగ్గరకు పోయింది రొదే అనే చిన్నది. పేతురు గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచిపోయి లోపలికి పరిగెత్తి చెప్తే, పెద్దోళ్ళు నీకు పిచ్చి పట్టింది పొమ్మన్నారు. వాళ్ళు అడుగుతున్న దానికే జవాబు వచ్చి వాకిట్లో నిలబడితే, ముందు నమ్మింది ఆ పిల్లే. త్రోయ అనే ఊర్లో మేడగదిలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రోడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడిపోయినాడు. నిద్రపోయినందుకు వాణ్ణి ఎవరూ తిట్టినట్టు రాయలేదు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి వాణ్ణి కౌగిలించుకున్నాడు. పౌలు మళ్ళీ పైకి పోయి రొట్టె విరిచినాడు. ఆ పిల్లోడు బతికినందుకు అందరూ ఊరట పొందినారు. ప్రసంగం మధ్యలో పిల్లలు నిద్రపోతే ఏం చేయాలని అడిగేవాళ్ళకు నేను ఈ అధ్యాయమే చూపిస్తాను. మా ఇంట్లో నిద్రపోయిన పిల్లలను గోడవారగా పడుకోబెట్టి దుప్పటి కప్పుతాం. పాట మొదలైతే వాళ్ళే లేస్తారు.

ఇంగ మార్కు సువార్త పదో అధ్యాయం. పిల్లలను తెచ్చినవాళ్ళను అడ్డుకున్నది బయటివాళ్ళు కాదు, శిష్యులే. ప్రభువుకు పని ఉంది, గోల చేయొద్దు అనుకున్నారేమో. యేసు అది చూసి కోపపడినాడు అని రాసి ఉంది. తర్వాత ఆ పిల్లలను ఎత్తి కౌగిలించుకుని, చేతులుంచి ఆశీర్వదించినాడు. ఆయనకు కోపం వచ్చిన సందర్భాలు సువార్తల్లో చానా తక్కువ, అందులో ఇది ఒకటి. "గమ్మునుండండి, బయటికి పోండి" అనే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకుంటే చాలు.

మరి సండే స్కూల్ సంగతేంది, అదీ పిల్లలను వేరు చేయడమే కదా అని మా తమ్ముడు వాదించినాడు. అది ఎట్లా పుట్టిందో తెలిస్తే వాదన నిలబడదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ అనే ఊర్లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన దాన్ని నడిపించినాడు. అక్కడ పిల్లలు వారంలో ఆరు రోజులు పనికి పోయేవాళ్ళు. ఖాళీ ఆదివారమే. చదవడం నేర్పడానికి ఆ రోజు బడి పెట్టినారు, బైబిలే వాచకం. చదువు అయ్యాక ఆ పిల్లలను గుడికి కూడా తీసుకుపోయేవాళ్ళు. కూలి పిల్లలకు అక్షరం ఇవ్వడానికి పుట్టిన పని అది. పెద్దోళ్ళ ఆరాధనకు అడ్డం లేకుండా పిల్లలను పక్కగదిలో పెట్టడానికి కాదు. సండే స్కూల్ పెట్టుకోండి, మంచిదే. మేమూ ఆదివారం పొద్దున ఒక గంట పెడతాం. అది సాయంత్రం కూటానికి బదులు మాత్రం కాదు.

మన జిల్లాకు లండన్ మిషన్ వాళ్ళు 1822లో కడపకు వచ్చినారు. పల్లెల్లో సంఘాలు నిలబడింది మాత్రం చానావరకు గుళ్ళల్లో కాదు, ఇండ్ల ముందరే. మా జేజి జమ్మలమడుగు పక్కన పల్లెలో పుట్టింది. ఆమె చెప్పేది: పగలంతా చేన్లలో కూలి, పొద్దుగూకినాక వాక్యం నేర్పే ఉపదేశి లాంతరు పట్టుకుని వాడకు వచ్చేవాడు. సంగటి తిన్నాక అందరూ ఆ వెలుతురు చుట్టూ చేరేవాళ్ళు. పుస్తకం ఉపదేశి చేతిలో ఒకటే ఉండేది. చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. కాబట్టి పెద్దోళ్ళు పిల్లలు అని తేడా లేకుండా అందరూ ఒక్కొక్క చరణం విని మళ్ళీ చెప్తా కంఠత పట్టేవాళ్ళు. పిల్లల నోటికి తొందరగా వచ్చేది. మర్నాడు చేలో కలుపు తీస్తా పెద్దోళ్ళు మరిచిపోయిన చరణాన్ని పిల్లలను అడిగి తెలుసుకునేవాళ్ళు. మా జేజికి చివరిదాకా సంతకం పెట్టడం రాలేదు. కీర్తనలు, ఇరవై మూడో దావీదు కీర్తన, కొండమీది ప్రసంగంలో సగం నోటికి వచ్చు. అవన్నీ ఏడెనిమిదేళ్ళ వయసులో అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నవే. అట్లాంటి కూటాల నుంచి వచ్చిన మనమే ఇప్పుడు పిల్లలకు ఫోన్ చేతికిచ్చి పైకి పంపడం నాకు నచ్చదు.

మా దగ్గర ఎట్లా జరుగుతుందో చెప్తాను. ఇది మా ఇంటికి కుదిరిన పద్ధతి. మీ ఇంటికి మీరు మార్చుకోండి.

అన్నిటికంటే ఫలించింది వాక్యం చదివించడం. ఐదో తరగతి దాటిన పిల్లలు వంతులవారీగా ఆ వారం భాగాన్ని చదువుతారు. ఇది మొదలుపెట్టినప్పుడు ఒక పెద్ద చిక్కు వచ్చింది. మా పిల్లలంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు వచ్చు గానీ బైబిల్లోని తెలుగు నోరు తిరగదు. "రానియ్యుడి", "ఆటంకపరచవద్దు" అనేసరికి ఆగిపోతారు, సిగ్గుపడతారు, ఇంగ నేను చదవను అంటారు. అందుకని బుధవారమే భాగం చెప్పేస్తాం. చదవాల్సిన పిల్లో పిల్లోడో రెండు మూడు సాయంత్రాలు నా మిషన్ దగ్గరకు వచ్చి కూర్చుంటారు. నేను కుడతా వింటాను. మా కూటంలో ఒక అవ్వ ఉంది, చదువు లేదు, చూపు కూడా తగ్గింది. ఆ అవ్వ మా అరుగుమీద కూర్చుని వింటా పిల్లలు తప్పు చదివితే అక్కడికక్కడ సరిచేస్తుంది. "అట్ల కాదు అమ్మీ, 'రానియ్యుడి' అనాల, మళ్ళీ అను" అంటుంది. పుస్తకం ఉన్న పిల్లకు పుస్తకం పట్టుకోలేని అవ్వ చదువు చెప్పడం చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆదివారం ఆ పిల్ల నిలబడి చదివేటప్పుడు అవ్వ పెదాలు కూడా కదులుతుంటాయి. అవ్వకు ఇప్పుడు ఆదివారం కంటే బుధవారం అంటేనే ఎక్కువ హుషారు.

చదివినాక ప్రసంగం ఇరవై నిమిషాలు దాటదు. పాస్టరుగారు వచ్చినా అంతే. మొదట్లో ఆయనకు కష్టమైంది, ఇప్పుడు ఆయనే గడియారం చూసుకుంటారు. ప్రసంగం అయ్యాక ప్రశ్నలు. మొదటి ప్రశ్న పిల్లలదే కావాలి, అది మా నియమం. ఈ నియమం మా సొంతం కాదు. నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో పస్కా పండగ గురించి చెప్తా, మీ పిల్లలు ఇది ఏమిటని అడిగినప్పుడు ఇట్లా జవాబు చెప్పండి అని ఉంది. ఆ పండగలోనే పిల్లల ప్రశ్నకు చోటు పెట్టినాడు దేవుడు.

ఒకసారి దొర్కా కథ చదివినాం, అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయం. యొప్పేలో ఉండే ఆమె చనిపోతే విధవరాళ్ళంతా ఏడుస్తా, ఆమె కుట్టిన అంగీలు, బట్టలు పేతురుకు చూపిస్తారు. నాకు సొంత కథలాంటిది, కాబట్టి ఆ వారం నేనే చెప్పినాను. చెప్పడం అయ్యాక నాలుగో తరగతి పాప ఒకతి లేచి, "అత్తా, ఆమె సగం కుట్టి వదిలేసినవి ఉంటాయి కదా, అవి ఎవరు కుట్టినారు?" అని అడిగింది. నేను ఇన్నేండ్లుగా మిషన్ తొక్కుతున్నా, ఆ కథ ఎన్నోసార్లు విన్నా, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఎవరికీ జవాబు తెలియదు. వాక్యంలో లేదు. దొర్కా మళ్ళీ లేచి కూర్చుంది కాబట్టి ఆమే కుట్టి ఉంటుంది అని ఒక పిల్లోడు అన్నాడు. అప్పుడు మాలో ఒక చెల్లెలు, ఆమె భర్త పోయి ఏడాది దాటింది, మెల్లిగా నోరు తెరిచింది. బడిలో ఇచ్చిన యూనిఫాం బట్ట కుట్టించకుండా అట్లే పెట్టెమీద ఉందని, పిల్లలు పాతవే వేసుకుని పోతున్నారని చెప్పింది. ఏడాదిగా మాతో కూర్చుని పాడుతున్న మనిషి, ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆ బట్ట మర్నాడే నా దగ్గరకు వచ్చింది. ఇప్పుడు బళ్ళు తెరిచే ముందు మా కూటంలో ఎవరి ఇంట్లో కుట్టని బట్ట ఉందో ఆ పాపే అడిగి రాసుకొస్తుంది. ఆ పాప ఆ సాయంత్రం మిద్దెమీద ఆడుకుంటా ఉంటే ఇదేమీ జరిగేది కాదు.

ప్రార్థనలో కూడా పిల్లలకు వంతు ఉంది. ఒక్క మాటైనా సరే. కుక్క కాలు, లెక్కల పరీక్ష, ఊరికి పోయిన తాత, ఇట్లాంటివే ఎక్కువ. వాటికి పెద్దోళ్ళు నవ్వకూడదు, పెద్దోళ్ళ ప్రార్థనకు ఎట్లా ఆమెన్ అంటామో అట్లే అనాలి. అయితే ఒకసారి ఒక పిల్లోడు కండ్లు మూసుకుని, "యేసయ్యా, మా నాయన తాగకుండా చూడు" అన్నాడు. నాయన అక్కడే తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. గదిలో ఎవరికీ ఊపిరి ఆడలేదు. మా పెద్దాయన ఒకరు "ఆమెన్" అని మెల్లిగా అని, తర్వాతి పాప తన ప్రార్థన చెప్పేదాకా ఆగినాడు. కూటం అయ్యాక ఆ నాయనతో కలిసి నడుచుకుంటా రైల్వే గేటు దాకా పోయినాడు. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు. ఆ తర్వాత మేం ఒకటి నిర్ణయించుకున్నాం. పిల్లలను ఇంటి సంగతులు చెప్పమని మనం అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళే చెప్తే ఆ మాట గడప దాటకూడదు. పెద్దోళ్ళ అప్పులు, మొగుడూ పెండ్లాల గొడవలు లాంటి ప్రార్థన విన్నపాలను శుక్రవారం మధ్యాహ్నం ఆడోళ్ళ ప్రార్థనలో పెట్టుకుంటాం, మగోళ్ళు వేరుగా కలుసుకుంటారు. పిల్లలు ఉన్నారని పెద్దోళ్ళ బాధలు దాచిపెట్టక్కరలేదు, అట్లని అన్నీ వాళ్ళ నెత్తిన పెట్టకూడదు.

చంటిపిల్లల సంగతి ఆడోళ్ళందరికీ తెలిసిందే. బిడ్డ ఏడిస్తే తల్లి లేచి వంటింట్లోకో వాకిట్లోకో పోతుంది. పిల్లలను పైకి పంపితే వాళ్ళ వెంట ఒకరు పోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఆడమనిషే. మాలో కొందరు అక్కలు పెండ్లయినప్పటి నుంచి ఒక్క ప్రసంగం కూడా పూర్తిగా వినలేదు. పిల్లలను వేరు చేయడం అంటే తల్లులను కూడా వేరు చేయడమే. మేం చేసింది ఒకటే. బిడ్డ ఏడిస్తే ముందు తండ్రి లేవాలి. తండ్రి షిఫ్టులో ఉంటే చిన్నాయనో మామో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఏడుపు ఆగకపోతే అరుగుమీద తిప్పుతారు, కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి మాట వినిపిస్తుంది. మొదట్లో మగోళ్ళు మొహమాటపడినారు. ఇప్పుడు మా ఆయన భుజం మీదే ఇద్దరు పిల్లలు నిద్రపోతారు.

పాటలప్పుడు కంజీర, తాళాలు పిల్లల చేతికే ఇస్తాం. తాళం తప్పుతుంది, తప్పనీ. నా దగ్గర మిగిలిన గుడ్డముక్కల సంచి ఒకటి చిన్నపిల్లల మధ్య పెడతాను. యోసేపు కథ చెప్పినప్పుడు ఆ నిలువుటంగీని వాళ్ళే ముక్కలు పేర్చి నేలమీద చేసినారు. చేతులకు పని ఉంటే చెవులు బాగా వింటాయి. మా మరిది కొడుకు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించినాడు. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత ఊరు, 1930ల మొదట్లో తవ్వితే అక్కడ ఒక ఇల్లు బయటపడింది. క్రీ.శ. 240 ప్రాంతంలో రెండు గదుల మధ్య గోడ తీసేసి దాన్ని సంఘం కూడుకునే చోటుగా మార్చుకున్నారట. బాప్తిస్మం ఇచ్చే గది గోడలమీద బొమ్మలు ఉన్నాయి. గొర్రెను మోసుకుపోయే కాపరి, మంచం ఎత్తుకుని పోయే పక్షవాత రోగి, నీళ్ళమీద యేసు పేతురు, దావీదు గొల్యాతు. మా పిల్లలు ఆ ఫోన్ చుట్టూ మూగి, ఒక్కొక్క బొమ్మనూ ఇది ఫలానా కథ అని టకటకా చెప్పేసినారు. పదిహేడు వందల ఏండ్ల నాటి గోడను ఎర్రగుంట్ల పిల్లలు చదివేసినట్టు అనిపించింది నాకు. మా పడసాల గోడకు కూడా ఇప్పుడు వాళ్ళు గీసినవి అంటించి ఉంటాయి.

మా దగ్గర చేయనివి కూడా చెప్పాలి. అల్లరి చేస్తే యేసయ్య కొడతాడు, నరకంలో వేస్తాడు అని ఎవరూ అనకూడదు. రాత్రి దయ్యాల సాక్ష్యాలు పిల్లల ముందర వద్దు. భయంతో వచ్చిన పిల్లోడు భయం పోయిన రోజు వెళ్ళిపోతాడు. పిల్లలతో వాక్యాలు ఒప్పజెప్పించి చప్పట్లు కొట్టడం, ఒప్పజెప్పలేని పిల్లను అక్కడే నిలబెట్టడం, ఇవి కూడా మానేశాం. అది బడిలో చాలు.

పిల్లలు ఉండే చోట ఇంకొక బాధ్యత ఉంది. సంఘంలో ఇట్లాంటి మాటలు ఎందుకమ్మా అంటారు, కానీ చెప్పక తప్పదు. ఎంత నమ్మకమైన మనిషైనా, పాస్టరైనా, ఒక పిల్లనో పిల్లోడినో ఒంటరిగా తలుపు మూసిన గదిలోకి తీసుకుపోయి ప్రార్థన చేయడం మా దగ్గర లేదు. తలుపు తెరిచి ఉండాలి, ఇద్దరు పెద్దోళ్ళు ఉండాలి. పిల్లల మీద జరిగే లైంగిక అఘాయిత్యాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు మా పిల్లలందరికీ నేర్పించినాం. చెడు జరిగితే సంఘం పరువు అని కప్పిపెట్టకూడదు, ముందు ఆ పిల్ల మాట నమ్మాలి.

మా వీధిలో అన్ని మతాల వాళ్ళూ ఉన్నాం. పాటలు వినిపిస్తే పక్కింటి పిల్లలు కూడా పరిగెత్తుకుంటా వచ్చి చాపమీద కూర్చుంటారు. వచ్చిన ప్రతిసారీ నేను ముందు వాళ్ళ అమ్మను అడుగుతాను. ఆమె సరేనంటేనే కూర్చోబెడతాం, వద్దంటే చేతిలో బొరుగులు పెట్టి పంపేస్తాం. వాళ్ళ ఇంట్లో తెలియకుండా వాళ్ళ పిల్లలకు మనం ఏదీ నేర్పకూడదు. నా పిల్లలకు ఇంకొకరు అట్లా చేస్తే నేను ఊరుకుంటానా?

రొట్టె, ద్రాక్షారసం దగ్గర ఒక్కొక్క సంఘానిది ఒక్కొక్క పద్ధతి. మా దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తీసుకుంటారు. కానీ ఆ సమయంలో పిల్లలను బయటికి పంపం. బల్ల చుట్టూ వాళ్ళూ నిలబడతారు, పెద్దాయన ఒక్కొక్కరి తలమీద చేయి పెట్టి పేరు పిలిచి ఆశీర్వదిస్తాడు. ఆయన ఒక పాపను మరిచిపోతే ఆ పాపే చేయి పట్టుకుని అడుగుతుంది.

నాకు ఇంకా దారి దొరకనిది పద్నాలుగు పదిహేనేండ్ల పిల్లల దగ్గర. వాళ్ళు చాపమీద కూర్చోరు, గుమ్మం దగ్గర నిలబడతారు. పదో తరగతి ఏడాది వచ్చిందంటే ట్యూషన్, స్టడీ అవర్ అని ఆదివారం సాయంత్రం కూడా పోతుంది. తల్లిదండ్రులను తప్పు పట్టలేను, మార్కుల మీదే వాళ్ళ ఆశంతా. అట్లాంటి వాళ్ళకోసం ఒక నోటుపుస్తకం పెట్టినాం. అందరి ముందర అడగలేని ప్రశ్న అందులో రాయొచ్చు, పేరు రాయనక్కరలేదు. అందులో వచ్చే ప్రశ్నలు చిన్నవి కావు. బైబిల్లో ఉన్నది సైన్సు పుస్తకంలో ఉన్నది ఎట్లా కుదురుతాయి? మన కులం సంగతి బడిలో అడిగితే ఏం చెప్పాలి? ప్రార్థన చేసినా జేజి ఎందుకు చనిపోయింది? వీటికి మేం అక్కడికక్కడ జవాబు చెప్పం. ఆలోచించుకుని తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదంటాం.

ఈ నెల అందులో ఒకటి ఉంది, చేతిరాతను బట్టి ఎవరిదో నాకు తెలుసు గానీ చెప్పను: "ఫరో మాట వినకపోతే ఐగుప్తులో చిన్నపిల్లలు ఏం చేశారు?" ఐగుప్తు రాజు ఫరో మాట వినలేదని ఆ దేశంలో తొలి సంతానమంతా ఒకే రాత్రి చనిపోయిన సంగతి అది. నేను రెండు రాత్రులు దాని గురించే ఆలోచించి పాస్టరుగారికి ఫోన్ చేసినాను. ఈసారి వచ్చినప్పుడు దాని మీదే మాట్లాడతానని ఆయన ఒప్పుకున్నారు. ఆ రోజు ప్రసంగం కంటే ముందు నిర్గమకాండం 11, 12 అధ్యాయాలు పూర్తిగా పెద్ద పిల్లలే చదవాలని, చదివినాక ముందు వాళ్ళనే మాట్లాడనివ్వాలని, తను ఆఖరున మాట్లాడతానని అన్నారు. బుధవారం నుంచి గుమ్మం దగ్గర నిలబడే ముగ్గురూ నా మిషన్ దగ్గరకు వస్తున్నారు.